రాసి తీసేసినవి

"కళ్ళకి గంతలు కట్టుకుని గాల్లో వేళ్ళు ఆడించేదానికి కూడా డాక్టరేటు ఇస్తారా డెబీ?" అని సుశీల్ కుమార్ అడిగేటప్పటికి డెబోరా పెనం మీద నాలుగో దోసె తిరగేస్తోంది. ఆ మాట కొత్తదేమీ కాదు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ, చర్చి ముంగిట ఎదురైన ప్రతి పెద్దమనిషి ముందూ అది ఒకసారి పడాల్సిందే, అందరూ నవ్వాల్సిందే, వాళ్ళతోపాటు డెబోరా కూడా నవ్వాల్సిందే. నవ్వకపోతే 'తమాషాకి అన్నా కూడా మొహం ముడుచుకుంటది' అని ఇంకో మాట వస్తుంది. రెండో మాట కంటే మొదటిదే నయమని పదేళ్ళ కాపురంలో ఆమెకు అర్థమైంది. అందుకని దోసె వంక చూస్తూనే నవ్వింది. ఆ నవ్వు అతను చూడను కూడా లేదు, చట్నీ గిన్నె వెతుక్కుంటున్నాడు. గిన్నె అతని మోచేతి పక్కనే ఉంది.

సుశీల్‌ది బిట్రగుంట రైల్వే ఆఫీసులో ఉద్యోగం. కాలనీలో వాళ్ళ క్వార్టరు నుంచి ఆఫీసుకు నడక ఐదు నిమిషాలు. డెబోరా వెంకటాచలం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే పాసింజరు పట్టుకుంటే, అది దయతలిస్తే, గంటన్నరకు చేరుతుంది. అయినా ఆ ఇంట్లో 'పని అలసట' అనేది సుశీల్‌కే రాసిపెట్టి ఉంది. అతను సాయంత్రం వచ్చి ఫ్యాను కింద చొక్కా విప్పుకుని కూర్చుంటే వాళ్ళమ్మ రెబెక్కమ్మ మజ్జిగ కలిపి తెచ్చిస్తుంది. డెబోరా ఏడింటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే, "బియ్యం కడిగి పెట్టినా అమ్మాయ్, ఎసరు పెట్టు" అంటుంది. నీకేం, కూర్చుని చేసే ఉద్యోగం కదా అని అప్పుడప్పుడూ కలుపుతుంది కూడా. నిజానికి డెబోరా ఆ రోజు మొత్తంలో కూర్చునేది రైల్లోనే, అది కూడా సీటు దొరికితే.

ఇక ఆ కళ్ళగంతల సంగతి. తలకు తగిలించుకునే ఆ పెట్టెను హెడ్‌సెట్ అంటారు. పెట్టుకుంటే మనం ఉన్న గది మాయమై ఎక్కడా లేని గది ఒకటి కనిపిస్తుంది. ఆ లేని గదిలో మనిషి ఏదైనా రాయాలంటే ఎట్లా? కాగితం లేదు, కలం లేదు. తెలుగు అక్షరాల పలక ఒకటి గాల్లో వేలాడుతూ ఉంటుంది. దాని మీద నాలుగు విధాలుగా రాయొచ్చు. చేతిలో రిమోటు పట్టుకుని, దాని కొసనుంచి వచ్చే వెలుగు గీతతో అక్షరాన్ని చూపించి మీట నొక్కొచ్చు. ఏమీ పట్టుకోకుండా ఉత్త వేలితోనే గాల్లో పొడవొచ్చు. చెయ్యి కదపకుండా అక్షరం వంక ఒక సెకను కన్నార్పకుండా చూస్తే చాలు, అది పడుతుంది. ఇవేవీ కాకపోతే నోటితో చెప్పొచ్చు. ఒత్తులూ గుణింతాలూ ఉన్న మన రాతకు ఈ నాలుగింటిలో ఏది హాయి, ఏది వేగం, దేంట్లో తప్పులు తక్కువ అన్నదే డెబోరా ఆరేళ్ళుగా పట్టుకుని వేలాడుతున్న ప్రశ్న. ఈ జూన్ ముప్పయ్యో తేదీతో ఆమె పీహెచ్‌డీ గడువు చెల్లిపోతుంది. ఆమె పేరు మొదట ఉన్న పేపరు ఒక్కటి సదస్సుకు పంపినట్టు రసీదు చూపిస్తే ఇంకో ఏడాది పొడిగిస్తారు. లేదంటే ఆరేళ్ళూ నీళ్ళపాలే. ఆ పేపరు ఆదివారం సాయంత్రం ఆరు గంటల్లోపల వెళ్ళాలి. సుశీల్ దోసెలు తిన్న ఆ రోజు శుక్రవారం.

పరీక్షకు ఇరవై ఆరుమంది కూర్చున్నారు. మొదటి పద్దెనిమిదిమంది బీటెక్ మగపిల్లలు. వాళ్ళకు ఇది వీడియోగేము కింద లెక్క. తర్వాతి ఎనిమిదిమంది ఆడవాళ్ళు. వాళ్ళు కావాలని డెబోరానే పట్టుబట్టింది. హాస్టలు మెస్సులో వంట చేసే చెంచులక్ష్మి, ఆఫీసులో గుమాస్తా ఉషారాణి, ఇంకా అట్లాంటి వాళ్ళు. ఒకరి బాధ చెప్పుకుంటే ఒకరిది మిగిలిపోతుంది. ఆ హెడ్‌సెట్ పట్టీని కొప్పున్న మనుషుల తలలు కొలిచి కుట్టలేదు. చెంచులక్ష్మి కొప్పు విప్పి జడ వేసుకుంటే గాని అది నిలవలేదు. నోటితో చెప్పే పద్ధతి దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిమందిలో ఆరుగురు గుసగుసగా చెప్పారు. గట్టిగా చెప్పండి అంటే చుట్టూ చూడబోయారు, కళ్ళకు గంతలున్న సంగతి మరిచి. "ఎవరన్నా వింటారేమో మేడమా" అంది చెంచులక్ష్మి. చదవాల్సింది 'ఎండాకాలంలో చెరువులు ఎండిపోతాయి' అన్న వాక్యం. దాన్ని కూడా ఆమె రహస్యంలాగా చెప్పింది. అయితే ఉత్త వేలితో పొడిచే పద్ధతిలో మగపిల్లలు పది నిమిషాలకే భుజం పీకుతోందని గోల పెడితే, ఆరువందలమందికి సాంబారు కలియబెట్టే ఆ చెయ్యి మాత్రం దించకుండా రాసింది. "ఇదేం నొప్పి మేడమా, పాడు" అని నవ్వింది కూడా.

ఎనిమిదో ఆడమనిషి చివరి నిమిషంలో రానంది. ఇంకెవరూ దొరక్క, డెబోరా హెడ్‌సెట్‌ను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, పోయిన ఆదివారం అత్తగారిని కూర్చోబెట్టింది. అలా ఇరవై ఆరో నంబరు రెబెక్కమ్మ అయింది. చదివింది ఎనిమిదో తరగతే గాని అక్షరం ముత్యం. చర్చి స్త్రీల సమాజం తీర్మానాల పుస్తకం ఇరవై ఏళ్ళుగా ఆమె చేతిరాతే. హెడ్‌సెట్ పెట్టగానే కళ్ళముందు చీకటైంది. చీకటైతే ఆమెకు ప్రార్థన గుర్తొచ్చింది. అలవాటుగా పైట కొంగు తల మీదుగా ముందుకు లాక్కుంది. చేతుల కదలికను కనిపెట్టే కెమెరాలు ఆ పెట్టె ముందువైపే ఉంటాయి. వాటి మీద కొంగు పడింది. "నా చేతులేవి అమ్మాయ్? ఇప్పటిదాకా కనబడినయ్యే!" అని ఆమె కంగారుపడితే డెబోరా కొంగు వెనక్కి తీసింది, ఆమె మళ్ళీ ముందుకు లాక్కుంది. నోటితో చెప్పేటప్పుడు ప్రతి వాక్యం చివరా ఆమెన్ పడింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి అంతగా నవ్వడం ఎన్నాళ్ళకో.

చివర్లో అందరికీ ఒక ఐదు నిమిషాలు ఇచ్చేది డెబోరా. చూసి రాసేది అయిపోయింది, ఇప్పుడు మీకు నచ్చిన పద్ధతిలో, మీకు తోచింది, మీ మనసులో ఉన్నది రాయండి అనేది. మీరు ఏం రాస్తున్నదీ ఎవరికీ కనబడదు అని కూడా చెప్పేది. రెబెక్కమ్మ వేలితో గాల్లో పొడుస్తూ నెమ్మదిగా, పెదాలు బిగబట్టి, ఐదు నిమిషాలూ రాస్తూనే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం గైడు నరేంద్రబాబు గారి గదిలో లెక్కలు చూశారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపిస్తాడు, టీ తెప్పిస్తాడు, టీ వచ్చేదాకా ఓపికగా వింటాడు కూడా. టీ అయిపోతే మాత్రం ఓపికా అయిపోతుంది.

"అమ్మా డెబోరా, ఈ ఆడవాళ్ళ డేటా మొత్తం కలుషితం చేసేస్తా ఉండాది. చూడు. సొంతంగా రాసే ఐదు నిమిషాల్లో మగపిల్లలు వంద అక్షరాలు కొడితే తొమ్మిది చెరిపినారు. ఆడవాళ్ళు నలభై ఒకటి చెరిపినారు. చెరిపిన ప్రతి అక్షరం తప్పే కదా సాఫ్ట్‌వేరు లెక్కలో. నలభై ఒక్క శాతం తప్పులుంటే ఏ సదస్సువాడన్నా ఒప్పుకుంటాడా? ఈ ఎనిమిదిమందినీ తీసేయ్. పద్దెనిమిదిమంది చాలు."

"సార్, చూసి రాసే వాక్యాల్లో వాళ్ళ తప్పులు మగపిల్లల కంటే తక్కువే ఉన్నాయి. సొంతంగా రాసేటప్పుడే ఎందుకు పెరిగాయో చూడాలి కదా."

"ఎందుకేముంది, చదువుకోనోళ్ళు. ఏం రాయాలో తెలియక గెలికినారు. వీళ్ళని తీసేస్తే పేపరు అద్దంలాగా ఉంటది. నీ మంచికే చెప్తా ఉండా."

నీ మంచికే అన్న మాట డెబోరా వినని రోజు లేదు. ఆమె మంచి ఆమెకు తప్ప మిగతా అందరికీ తెలుసు. సరే సార్ అనే వచ్చేసింది. పాసింజరులో నిలబడి, పెన్న వంతెన దాటుతుండగా, సాయంత్రం సముద్రపు గాలి కిటికీల్లోంచి కొడుతుంటే, తీసేస్తే పోయేదేముందిలే అనుకుంది. ఆరేళ్ళ చాకిరీ గట్టెక్కుతుంది. చెంచులక్ష్మికి తన లెక్క పేపరులో ఉందో లేదో తెలియను కూడా తెలియదు.

రెండో శనివారం సెలవు. సుశీల్ కూతురు క్యాథరిన్‌ను తీసుకుని కావలి వెళ్ళాడు, పిల్లకు బూట్లు కొనడానికి. రెబెక్కమ్మ స్త్రీల సమాజం కూడికకు పోయింది. ఉతికిన బట్టలు దండెం మీద ఆరేసి, పప్పు పొయ్యిమీద పెట్టి, డెబోరా కంప్యూటరు తెరిచింది. తీసేసే ముందు ఒకసారి చూద్దామని మాత్రమే. రాసినదే కాదు, ఏ క్షణంలో ఏ అక్షరం పడిందో, ఏది చెరిగిందో అన్నీ వరసగా నమోదై ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆమె వాటిని అంకెలుగానే చూసింది. ఈసారి మాటలుగా చదివింది.

మగపిల్లలవి చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. క్రికెట్, కొత్త బైకు, హాస్టలు సాంబారు మీద తిట్లు. దీర్ఘాలు పోయినా ఒత్తులు పోయినా వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఇరవయ్యో నంబరు ఆ సాంబారు వండే చెంచులక్ష్మిది. మిగిలి ఉన్న వాక్యం: 'నాకు వంట చేసేది చాలా ఇష్టం.' వరస చూస్తే ఆమె మొదట రాసింది: 'నాకు వంట చేసేది ఇష్టం లేదు. ఆ వాసనకు నాకు అన్నం పోదు.' ఒక్కో అక్షరమే వెనక్కి చెరుపుకుంటూ వచ్చి, 'చేసేది' దగ్గర ఆగి, అక్కడినుంచి మార్చి రాసింది. ఉషారాణిది మిగిలింది: 'మా అత్తామామలు నన్ను కూతురిలా చూసుకుంటారు.' చెరిపింది: 'మా అమ్మకి ఒంట్లో బాగలేదు. తెచ్చి నా దగ్గర పెట్టుకోవాలని ఉంది. అడిగేదానికి భయం.' డెబోరా ఒకదాని తర్వాత ఒకటి తెరిచింది. ఏడుగురివీ అంతే. చెరిపినవాటిలో అక్షరదోషం కోసం చెరిపినది వెతికినా దొరకలేదు. అందరూ చక్కగా, తప్పు లేకుండా, మనసులో ఉన్నది రాశారు. రాసినదాన్ని చూసుకుని భయపడ్డారు. భయాన్ని సాఫ్ట్‌వేరు తప్పుల కింద లెక్కేసింది.

పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. తన ఫోను గుర్తొచ్చింది ఎందుకో. 'ఎప్పుడు చూసినా టైపింగ్ టైపింగ్ అని చూపిస్తది నీ పేరు కింద, చివరికి వచ్చేది చూస్తే సరే అని ఒక్క ముక్క' అని సుశీల్ వేళాకోళం చేస్తాడు. సరే అన్న ముక్కకు ముందు ఎన్ని రాసి ఎన్ని చెరుపుకుందో అతనెప్పుడూ అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

ఇరవై ఆరో నంబరు తెరవబోతూ కాస్త తటపటాయించింది. అత్తగారిది చదవడం, తలుపు సందులోంచి చూసినట్టు అనిపించింది. అయినా తెరిచింది. మిగిలి ఉన్నది ఆమె అనుకున్నట్టే ఉంది: 'దేవుని కృపవలన మా ఇంట అందరమూ సుఖముగా ఉన్నాము.' దానికి ముందు, పూర్తిగా చెరిపేసినది, ఇది:

'డెబోరాకు హైదరాబాదు యూనివర్సిటీ కవరు వచ్చింది. పోస్టుమానుకు నేనే సంతకం పెట్టినాను. సుశీలుకు ఇచ్చినాను. అమ్మా చెప్పబాక అన్నాడు. నేను చెప్పలేదు. ఆరు సంవత్సరాలు అయింది.'

ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివింది.

ఆరేళ్ళ కిందట క్యాథరిన్ ఎనిమిది నెలల పిల్ల. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో పూర్తికాలం పరిశోధనకు, నెలనెలా ఉపకారవేతనంతో, డెబోరా దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూ బాగా చేసింది. ఆ దరఖాస్తు సుశీలే తన ఫోనులో నింపాడు. ఫోను నంబరు, ఈమెయిలు అతనివే ఇచ్చాడు. ఇంట్లో అన్నిటికీ అవే ఇస్తారు, గ్యాసుకు, కరెంటుకు, పిల్ల టీకాలకు, భార్య చదువుకు. నెలన్నర ఎదురుచూశాక అతనే అక్కడికి ఫోన్ చేసి కనుక్కున్నట్టు చెప్పాడు. లిస్టులో నీ పేరు లేదంట డెబీ, అన్నాడు. ఆమె ఆ రాత్రంతా ఏడిస్తే అతను ఎంత మంచిగా ఉన్నాడని! మర్నాడు సెలవు పెట్టి మైపాడు బీచికి తీసుకెళ్ళాడు. అలల్లో కాళ్ళు తడుపుకో, మనసు తేలికవుతుంది అన్నాడు. పిల్లను తనే ఎత్తుకున్నాడు, దారిలో బిరియాని తినిపించాడు. 'వాళ్ళకి నీ విలువ తెలియలేదు' అన్నాడు. పదేళ్ళ కాపురంలో అతను తన్ను అంతగా చూసుకున్న వారం ఇంకొకటి లేదు. ఎప్పుడైనా అతని మీద మనసు విరిగినప్పుడు డెబోరా ఆ వారాన్ని తలుచుకుని సర్దుకునేది. ఇప్పుడు ఆ వారం మొత్తం కుళ్ళిపోయి కనబడింది. ఆమెకు కోపం వచ్చింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు, కోపమే వచ్చింది. అతని మీద, అత్తగారి మీద, అంత తెలివి ఉండీ ఒక్క ఫోను తనంతట తను చేసి కనుక్కోని తన మీద.

సాయంత్రం అందరూ వచ్చారు. కొత్త బూట్లు చూసి బాగున్నాయంది. అన్నం వడ్డించింది. పప్పు మాడిందేంది అని సుశీల్ అడిగితే, మాడింది అంది.

ఆదివారం పొద్దున ఆరాధనకు ముందే నరేంద్రబాబు గారికి ఫోను చేసింది. చెరిపినవి తప్పులు కావని, చూసి రాసే వాక్యాలతో పోల్చి అది రుజువు చేయొచ్చని, 'రాసి వెనక్కి తీసుకున్నవి' అని వేరే లెక్క కట్టి కొత్త పట్టిక వేశానని చెప్పింది. పేరుగాని, రాసిన మాటగాని ఎక్కడా బయటపెట్టనంది. ఆయన టీ లేకుండా విన్నాడేమో, ఓపిక తొందరగా అయిపోయింది.

"అది కంప్యూటరు సైన్సు కాదమ్మా, సోషల్ వర్కు. రిజెక్టు అయిపోద్ది. ఆ ఎనిమిదిమంది ఉంటే నా పేరు వద్దు దాంట్లో. పొడిగింపు కాగితం మీద నా సంతకం సంగతి కూడా తర్వాత ఆలోచిద్దాం."

ఆయన పెట్టేశాక డెబోరా మంచం అంచు మీద కూర్చుంది. ఆయన సంతకం పెట్టకపోతే రసీదు ఉన్నా లాభం లేదేమో. పొడిగింపు ఇచ్చే కమిటీకి తనే వెళ్ళి చెప్పుకోవాలేమో. చెప్పుకుంటే వింటారో లేదో. భయమేసింది. చెంచులక్ష్మి వేలు వెనక్కి వెనక్కి చెరుపుకుంటూ వచ్చిన భయం ఇదేనని కూడా తెలిసింది.

చర్చి నుంచి వచ్చాక ఇంటికి చేపలొచ్చాయి. సుశీల్ తిని పడుకున్నాడు. క్యాథరిన్ పక్క క్వార్టరులో ఆడుకుంటోంది. పెరట్లో గిన్నెలు తోముతున్న అత్తగారి దగ్గరికి వెళ్ళి డెబోరా పీట వాల్చుకుని కూర్చుంది. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, పరీక్షకు ముందు అందరికీ చదివి వినిపించే కాగితంలాగానే మొదలుపెట్టింది.

"అత్తమ్మా, మీరు ఆరోజు రాసినారు కదా. చెరిపేసినవి కూడా మిషనులో ఉండిపోతాయని నేను మీకు సరిగ్గా చెప్పలేదు. కాగితంలో ఉండాది గాని, విడమరిచి చెప్పలేదు. అది నా తప్పు. నేను చదివినా. మీరు వద్దంటే మీది మొత్తం తీసేస్తా. పేపరులో ఉండదు, కంప్యూటరులో కూడా ఉండదు. అది మీ హక్కు."

రెబెక్కమ్మ చేతిలో పీచు ఆగింది. స్త్రీల సమాజంలో మైకు అక్కర్లేకుండా ప్రార్థన చేసే మనిషి, ఇప్పుడు నోరు తెరిస్తే మాట పక్కింటికి కాదు కదా పక్క పీటకు కూడా సరిగ్గా చేరలేదు.

"నువ్వు పోతే బిడ్డని నేను సాకాల అనుకున్నా. ఇల్లంతా నా నెత్తిన పడద్ది అనుకున్నా. వాడు చెప్పబాక అన్నాడని కాదమ్మాయ్. నాకూ అదే మేలనిపించింది. వాడొక్కడే చేసినాడని రాసుకుంటే అది కూడా అబద్ధమే."

డెబోరాకు ఆమెను ఓదార్చాలనిపించలేదు. ఓదార్చలేదు. కుళాయి నీళ్ళు గిన్నెలోంచి పొర్లిపోతుంటే ఇద్దరూ కట్టలేదు. కాసేపటికి రెబెక్కమ్మే చెయ్యి చాపి కుళాయి కట్టేసి, ఎవరూ ఊహించని మాట అడిగింది.

"నేను చెరిపినానే, అది తప్పుల్లో పడిందా?"

"పడింది అత్తమ్మా. నూట పద్దెనిమిది తప్పులు."

"నేను అక్షరం తప్పు రాయనే!"

"రాయలేదు. ఒక్క ఒత్తు కూడా తప్పలేదు మీరు."

రెబెక్కమ్మ పీచును గిన్నె అంచుకు కొట్టి నీళ్ళు దులిపింది. ఆమె మొహంలో సిగ్గుందో రోషం ఉందో డెబోరాకు అంతుబట్టలేదు.

"ఉంచు అయితే. తీయబాక" అంది.

ఐదున్నరకు డెబోరా ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుంది. పట్టికలు మరోసారి సరిచూసుకుంది. ఇరవై ఆరుమందీ ఉన్నారు. రచయితల పేర్ల దగ్గరికి వచ్చింది. రెండు పేర్లున్నాయి. ఎనిమిదిమందిని తీసెయ్యమన్న పెద్దమనిషి పేరు ఆమె తీసేసింది. తన పేరు ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్ళ చదువులో ఆమె పేరు అట్లా ఒంటరిగా ఒక పేజీ మీద ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చూస్తే భయంగానే ఉంది.

సుశీల్ నిద్ర లేచి, కళ్ళు నులుముకుంటూ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"అయిందా? ఆ ఆడవాళ్ళని తీసేసినావా? మొన్న నువ్వే చెప్తివే, సార్ అన్నట్టు చేసి పంపించెయ్, పీడా పోద్ది. జూన్ దాటితే మానేస్తానని నువ్వే అన్నావు, గుర్తుండాదా?"

"ఆడవాళ్ళని తీయలేదు. సార్ పేరు తీసినా."

"నీకేమన్నా పిచ్చా?" అతను కుర్చీ పక్కకు వచ్చాడు. "వాళ్ళెవరో ఎనిమిదిమంది గాల్లో ఏదో గెలికినదానికి నీ పీహెచ్‌డీ పోగొట్టుకుంటావా? దాంట్లో మా అమ్మ కూడా ఉండాది కదా. ఏం రాసింది? ప్రభువుకి స్తోత్రం అని రాసుంటది, దానికి ఇంత రాద్ధాంతమా?" అని నవ్వాడు. "చెప్పు, నిజంగా ఏం రాసింది అమ్మ?"

నాలుక చివరిదాకా వచ్చింది. నిన్నటి నుంచి ఆమె దాచుకున్న మాట అది. ఇప్పుడు అనేస్తే అతని మొహం ఎట్లా మారుతుందో చూడాలని ఒళ్ళంతా తహతహలాడింది.

"చెప్పకూడదండి."

"నా తల్లి రాసింది నాకు చెప్పకూడదా?"

"రాసినవాళ్ళు ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పకూడదు. అది రూలు."

"ఓహో, రూలా!" అని సుశీల్ ఇంకా పెద్దగా నవ్వాడు.

వంటింటి గుమ్మంలో రెబెక్కమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

"కవరు గురించి రాసినా నాయనా" అంది, ఆదివారం ప్రార్థన చేసే గొంతుతో. "డెబోరాకొచ్చిన యూనివర్సిటీ కవరు. సంతకం పెట్టి తీసుకుని నీ చేతికిచ్చినానే, అది."

సుశీల్ నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. తల్లి వంక చూశాడు, భార్య వంక చూశాడు, మళ్ళీ తల్లి వంక చూశాడు. డెబోరా తెర వైపు తిరిగి పంపించే మీట నొక్కింది. పేపరు అందింది అని వచ్చేదాకా ఆగింది. అప్పుడు కుర్చీని అతని వైపు తిప్పుకుంది.

"ఇప్పుడు మీరు చెప్పండి" అంది.